జేబులో ఈల

జూన్ 2

"రైలు ఎటునుంచి వస్తుంది?"

"ఎటునుంచైనా."

"ఎప్పుడు?"

"ఎప్పుడైనా."

"ఏ లైను మీద?"

"ఏ లైను మీదైనా."

శిక్షణలో చేరి మూడు వారాలయింది. రోజూ పొద్దున్నే పనిముట్ల గది ముందు వరసగా నిలబెట్టి మేస్త్రీ ఈ ఎక్కాలు అప్పజెప్పించుకుంటాడు. ఒక్కొక్కరినీ విడివిడిగా అడుగుతాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసున్నవాళ్ళు కూడా బుద్ధిగా చెప్తారు. నా వంతు వచ్చినప్పుడు, "అయితే టైంటేబులు అచ్చువేసే ఆఫీసు మూసేయొచ్చు కదండీ" అన్నాను. అందరూ నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు. "టైంటేబులు రైలెక్కేవాళ్ళకిరా. పట్టాల మీద నిలబడేవాళ్ళకి కాదు" అన్నాడు.

తర్వాత ఈల తంతు. మిగతావాళ్ళు పట్టాల మీద వంగి పనిచేస్తుంటే, రైలు వస్తోందేమో కనిపెట్టి ఈల వేసేవాణ్ణి లుకౌటు అంటారు. ఆ రోజు లుకౌటు ఎవరైతే వాళ్ళు పనిముట్ల గది కిటికీ దగ్గర జెండా, ఈల తీసుకుని, అక్కడికక్కడే ఊది చూపించి రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఊదకపోతే లోపల కూర్చునే ముసలాయన జెండా ఇవ్వడు. ఈల పనిచేస్తుందో లేదో చూడటానికట! అదేమన్నా ఇంజనా, చెడిపోవడానికి?

మనిషిని ఆలోచించకుండా చేయాలంటే ముందు పిచ్చి అలవాట్లు నేర్పాలి. మొన్న తోపుడుబండి మీద కొన్న చిన్న పుస్తకంలో అచ్చంగా ఇదే ఉంది. పద్నాలుగో పేజీ.

జూన్ 5

అక్క నా పసుపు కోటుకి లోపలివైపు జేబు కుట్టింది, గుండీతో సహా. నా పుస్తకాలు చిన్నవే, అరచేతంత ఉంటాయి. చెమటకి తడవకుండా ఉండాలంటే లోపలి జేబు కావాలన్నాను. "పొద్దుటినుంచీ దుకాణంలో ఊరందరికీ గుండీలు కుట్టి, ఇంటికొచ్చి నీ విప్లవానిక్కూడా గుండీ కుట్టాలేంట్రా" అంది. కుట్టడం మాత్రం గట్టిగా కుట్టింది. పట్టి లాగితే కోటైనా చిరుగుతుందేమో గానీ గుండీ ఊడదు.

గ్యాంగులో నాకు పేరు పడింది. కరపత్రం. పెట్టింది రేడియో. (ఆయన్ని రేడియో అని ఎందుకంటారో ఆయన పక్కన పది నిమిషాలు కూర్చుంటే చాలు.) "ఒరేయ్ కరపత్రం, ఆ గడ్డపార ఇలా పారెయ్." నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే గర్వంగానే ఉంది.

మధ్యాహ్నం తిండి తినేటప్పుడు ఒక అధ్యాయం చదివి వినిపించాను. జోడెడ్లు, అంటే అన్నదమ్ములిద్దరూ, ఏ పనైనా ఒకేసారి చేస్తారు కదా, ఒకేసారి నిద్రపోయారు. పొడుగన్న ఒక్కడే చివరిదాకా విన్నాడు. విని, "బాగుందిరా తమ్ముడూ. ఇంతకీ ఇది రాసినాయన ఎప్పుడన్నా స్లీపరు మోశాడంటావా?" అన్నాడు. (స్లీపరంటే పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మ.)

మోసే ఉంటాడు. లేకపోతే ఎలా రాస్తాడు?

జూన్ 11

ఇది రాయకపోతే ఈరోజు నాకు అన్నం సయించదు.

లైను దాటుతూ పట్టా మీద అడుగేశాను. అంతే చేశాను. మేస్త్రీ వెనకనుంచి కాలరు పట్టుకుని గుంజాడు. "పట్టా మీద కాలెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలిరా? తడిగా ఉంటే జారుతుంది, పొడిగా ఉన్నా జారుతుంది. ఆగు, రెండువైపులా చూడు, చెవి పెట్టి విను, అప్పుడు పట్టా దాటించి అవతల కాలెయ్యి. అచ్చక్షరాలు తప్ప నీ బుర్రలోకి ఇంకేం ఎక్కవా?" పదిమంది ముందర. స్టేషనుకి పోయే ఆడవాళ్ళు నిలబడి మరీ చూశారు.

శ్రమజీవి కాలరు పట్టుకునే హక్కు ఎవడికీ లేదు. ఎవడికీ లేదు.

సాయంత్రం కూర్చుని రాశాను. "మేస్త్రీ నియంతృత్వ ధోరణిపై కార్మికుల విజ్ఞాపన." మూడు పేజీలు వచ్చింది. తిరిగి చదివితే 'నియంతృత్వం' తొమ్మిదిసార్లు ఉంది. రెండు కొట్టేశాను.

జూన్ 13

సంతకాలు నాలుగు. నాది, రేడియోది (చదవలేదు, పెన్ను బాగా రాస్తోందని పెట్టాడు), జోడెడ్లవి (ఒకరు పెట్టారని ఒకరు). పొడుగన్న పెట్టలేదు.

"ఆయన నన్ను తిట్టని రోజు లేదురా. పదకొండేళ్ళు. నా వేళ్ళు లెక్కపెట్టు కావాలంటే, చేతులవీ కాళ్ళవీ. ఇరవై ఉన్నాయి."

"అన్నా, ఇది ఆత్మగౌరవం సంగతి."

"నీది నువ్వు చూసుకో. నా వేళ్ళు నన్ను చూసుకోనీ."

ఆఫీసులో ఇచ్చేసి వచ్చాను. పొడుగన్న మంచివాడే, కానీ పిరికివాడు. ఇలాంటి మంచివాళ్ళ వల్లే లోకం ఇలా ఉంది.

జూన్ 21

లుకౌటు పరీక్ష ప్యాసయ్యాను. ఇరవైకి పంతొమ్మిది. పేపరు దిద్దింది మేస్త్రీయే. విజ్ఞాపన సంగతి ఆయనకి తెలుసు, అయినా మార్కులు కోయలేదు. భయపడి ఉంటాడు.

తప్పిన ప్రశ్న: పని జరిగేటప్పుడు లుకౌటు చేతుల్లో జెండా, ఈల కాక ఇంకేం ఉండవచ్చు? "అవసరాన్ని బట్టి తేలికపాటి పనిముట్టు" అని రాశాను. "ఏమీ ఉండకూడదు" అనేది జవాబట. మేస్త్రీ ఎర్రపెన్నుతో కాగితం చిరిగేలా రెండు గీతలు గీశాడు. "ఈ ఒక్క మార్కుకే నిన్ను తప్పించాలిరా అసలు. గ్యాంగులో ఒక మనిషి తక్కువున్నాడు కాబట్టి వదులుతున్నా. లుకౌటంటే రెండు కళ్ళూ రెండు చెవులూ. చేతులు లేవనుకో."

చేతులు లేవనుకోవాలట. కార్మికుణ్ణి!

జూన్ 28

నాలుగు రోజులుగా లుకౌటు నేనే. ఐదో స్తంభం దగ్గర నిలబెడతాడు. అక్కడినుంచి మలుపు అవతలిదాకా కనిపిస్తుంది. అందరూ ఎండలో స్లీపర్లు మోస్తుంటే నేను జెండా చంకలో పెట్టుకుని దర్జాగా నిలబడి ఉంటాను, పెళ్ళిలో ఫొటో దిగేవాడిలాగా. పొడుగన్నకి నడుం పట్టేసింది. వంగి లేచేటప్పుడు పళ్ళు బిగబట్టడం నాకు కనిపిస్తోంది. నా వయసు ఇరవై రెండు. ఆయనకి నలభై దాటాయి.

ఒకడు మోయడం, ఇంకొకడు చూడటం. ఏ పుస్తకంలోనూ దీన్ని న్యాయం అనలేదు.

ఇంటికొచ్చి అక్కకి చెప్తే, "చూడటం నీ పని అయితే చూడు" అంది. అక్కకి ఇవన్నీ అర్థం కావు.

జూలై 4

నేను ఈల వేశాను.

స్లీపరు జారింది.

జూలై 4, మళ్ళీ

అక్క గుమ్మంలోంచి రెండుసార్లు చూసి వెళ్ళింది. ఏం జరిగిందో వరసగా రాస్తే తేలికవుతుందేమో.

పదకొండు దాటింది. నలుగురు మోయాల్సిన చెక్క స్లీపరు. ముందు చివర జోడెడ్లు. వెనక చివర పొడుగన్న, రేడియో. రేడియో నీళ్ళకి వెళ్ళాడు. మేస్త్రీ అరవై అడుగులు ముందుకెళ్ళి కొలతలు చూసుకుంటున్నాడు. అప్పుడు పక్క లైను మీద ఒంటి ఇంజను వచ్చింది, వెనకాల ఒక్క పెట్టె కూడా లేకుండా, చప్పుడు లేకుండా. రోజూ వచ్చే వైపునుంచి కాదు. ఈల మోగింది. స్లీపరు జారి పొడుగన్న ఎడమ పాదం మీద పడింది. ఇంజను జానెడు దూరంలోంచి పోయింది.

బూటు తొడుక్కునే ఉన్నాడు. దెబ్బ బూటుపైన తగిలింది.

ఆయన అరవలేదు. "అబ్బాయ్... అబ్బాయ్..." అన్నాడు, ఎవరినో మెల్లగా పిలుస్తున్నట్టు.

జూలై 5

విచారణ అధికారి వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆయన వాదన ఇది: ఐదో స్తంభం దగ్గరినుంచి చూస్తే ఆ ఇంజను పాతిక సెకన్ల ముందే కనిపించాలి. కానీ మనుషులకి దొరికింది నాలుగైదు సెకన్లు. అయితే లుకౌటు చూడలేదు, లేదా చూడటానికి వీల్లేని చోట మేస్త్రీ అతన్ని నిలబెట్టాడు. రెండింట్లో ఒకటి.

"ఇంజను వచ్చినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"మూడో స్తంభం దగ్గరండి."

"మేస్త్రీ నిలబెట్టింది అక్కడేనా?"

తల ఊపాను.

"ఈల వేసింది?"

"నేనేనండి."

మూడో స్తంభం దగ్గర ఉన్నాననడం అబద్ధం కాదు. అక్కడే ఉన్నాను. తల ఊపడం మాట కాదు. ఆయన ఎలా రాసుకుంటే నాకేం?

మేస్త్రీ ఏం చెప్పాడో రేడియో వచ్చి చెప్పాడు. ఈల తనే వేశానన్నాడట, కరపత్రం స్లీపరు దగ్గరున్నాడన్నాడట. అధికారి నా విజ్ఞాపన బయటికి తీసి, "మీకూ ఈ అబ్బాయికీ ముందునుంచే పడదు కదా" అన్నాడట. పైగా మేస్త్రీకి కళ్ళజోడు, అరవై అడుగుల దూరం. ముందు నడిచే జోడెడ్లకి వెనకాల ఏముందో తెలియదు. రేడియో అక్కడ లేడు. పొడుగన్నకి మత్తిచ్చారు.

మేస్త్రీని పనిలోంచి పక్కన పెట్టారు. పదిహేనో తేదీన ఆఖరి విచారణ. ఆ రోజు తేలిపోతే ఉద్యోగమే పోతుందట.

చెయ్యి వేయడం తప్పా? నడుం పట్టేసిన మనిషి ఒక్కడే బరువు ఎత్తుకుంటుంటే, పక్కన నిలబడి చూసేవాడు మనిషేనా? ఒక్క చెయ్యి వేశాను. ఒక్క నిమిషం.

జూలై 6

పాదం దక్కుతుందో లేదో ఇంకా చెప్పలేమన్నారు.

జూలై 7

అక్కతో గొడవ. "అసలేం జరిగిందిరా" అని మామూలుగానే అడిగింది. చెప్పాను. ఈల నా నోట్లోనే ఉందన్నాను, మేస్త్రీ దొర మనస్తత్వం గురించి చెప్పాను, మనుషులు తక్కువైతే పై అధికారులకి పట్టకపోవడం గురించి చెప్పాను, నోరు లేనివాళ్ళ మీదే నేరం ఎలా నెడతారో చెప్పాను. అక్క సూదిలోకి దారం ఎక్కిస్తూ వింది.

"నిజం చెప్పేటప్పుడు నువ్వింత అరవవురా" అంది.

తలుపు ధడాల్న వేసి బయటికెళ్ళాను. వీధి చివరిదాకా వెళ్ళాక చూసుకుంటే కాళ్ళకి చెప్పుల్లేవు.

జూలై 9

ఆసుపత్రికి వెళ్ళాను. వెళ్ళకపోతే అనుమానిస్తారని వెళ్ళాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

పాదం సగం తీసేశారు.

పొడుగన్న భార్య, వదిన, మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వే ఈల వేశావంట కదా తమ్ముడూ. రేడియో అన్నయ్య చెప్పాడు. నువ్వు వేయకపోతే ఈపాటికి మనిషే లేడట. కూర్చో. ఏమన్నా తిన్నావా?" స్టూలు నాకు జరిపింది. తను నిలబడింది.

కూర్చున్నాను. ఆమె పట్టుకున్న చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పొడుగన్న గోడవైపు చూస్తున్నాడు. వదిన నీళ్ళకి వెళ్ళాక, గోడవైపు చూస్తూనే అన్నాడు.

"ఆయనొచ్చాడు. విచారణాయన. అడిగాడు."

"ఏం చెప్పావన్నా?"

"గుర్తులేదన్నాను."

ఇటు తిరిగాడు. "నీకేమన్నా గుర్తుందారా?"

నేను లేచాను. పనుందన్నాను. ఆసుపత్రిలో నాకేం పని?

వసారాలో మేస్త్రీ ఎదురయ్యాడు. చేతిలో పళ్ళ సంచి. కోటు లేకుండా ఆయన్ని చూడటం మొదటిసారి. చిన్నగా కనిపించాడు, ఎవరో గుమాస్తాలా. తప్పుకుని పోబోతే అడ్డం నిలబడ్డాడు.

"ఏ స్తంభంరా?"

పళ్ళ సంచివైపు చూశాను.

"ఏ స్తంభం దగ్గర నిలబెట్టాన్రా నిన్ను? నా కళ్ళలోకి చూసి ఒక్కసారి చెప్పు. నేను పోయి సంతకం పెట్టేసి ఇంట్లో కూర్చుంటా."

"నర్సులున్నారండి, అరవకండి" అన్నాను. అలా అన్నాను. ఆయన అరవడం లేదు.

జూలై 10

నోట్లో ఈల ఉంది. ఇంజను కనిపించింది. ఈల వేశాను. అందరూ విన్నారు. ఈల నోట్లో ఉంది.

జూలై 12

పొద్దున డైరీ తీయబోతే దాని మీద ఈల పెట్టి ఉంది. తాడు చుట్టి.

అక్క నిన్న నా కోటు ఉతికింది. నాలుగో తేదీ నుంచి ఆ కోటు నేను ముట్టుకోలేదు. ఈల గదికి తిరిగివ్వాలని కూడా గుర్తు రాలేదు. వంటింట్లో ఉన్న అక్క ఇటు రాకుండానే అడిగింది.

"నోట్లో ఉందన్నావు కదరా. నేను కుట్టిన జేబులో గుండీ పెట్టి ఉందేంటి?"

ఈల తీసి చొక్కా జేబులో వేసుకున్నాను.

"పుస్తకం తడిసిపోయింది. చూసుకోలేదు, సబ్బునీళ్ళలో పడేశాను" అంది ఆ తర్వాత. దండెం మీద ఆరేసింది దాన్ని, బట్టల మధ్యలో, రెండు క్లిప్పులు పెట్టి.

జూలై 13

నాలుగో తేదీ. వంగినప్పుడు ఈల ఊగి స్లీపరుకి తగులుతోంది. అందుకని తీసి లోపలి జేబులో పెట్టి గుండీ పెట్టాను. జెండా కంకర మీద పెట్టాను, గాలికి పోకుండా పైన ఒక రాయి కూడా పెట్టాను. అంత జాగ్రత్తగా పెట్టాను.

పొడుగన్న వద్దన్నాడు. "ఒద్దురా, రేడియో వచ్చేస్తాడు, నీ చోటికి నువ్వు పో" అన్నాడు. రెండుసార్లు అన్నాడు. నేను ఉపన్యాసం ఇచ్చాను. "ఒకడు మోస్తుంటే ఇంకొకడు చూడటం నా వల్ల కాదన్నా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు నేను ఎంత గొప్పగా కనిపించానో కూడా గుర్తుంది. ముందున్న జోడెడ్లకి వినిపించాలని కాస్త గట్టిగానే అన్నాను. వాళ్ళు ఏదో సినిమా గురించి మాట్లాడుకుంటున్నారు.

మేస్త్రీ ఈల వినపడింది. తల తిప్పితే ఇంజను.

స్లీపరు జారలేదు.

నేను వదిలేశాను. వదిలేస్తున్నానని చెప్పకుండా వదిలేశాను. బరువు ఎత్తేముందు చెప్పాలి, దించేముందు చెప్పాలి, ఇది రెండో రోజు పాఠం. నేను వదిలి గెంతాను. బరువంతా ఒక్కసారి ఆయన మీదికి వచ్చింది. నేను చెయ్యి వేయకుండా ఉంటే ఆయన అసలు ఎత్తేవాడే కాదు, రేడియో కోసం ఆగేవాడు.

నేను గెంతేటప్పుడు ఆయన నన్నే చూస్తున్నాడు.

గుర్తులేదన్నాడట.

జూలై 15

రాత్రి కూర్చుని నాలుగు పేజీల ఒప్పుకోలు రాశాను. పొద్దున విచారణ గదిలో పెట్టాను. మేస్త్రీ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. అధికారి నాలుగు పేజీలూ చదివాడు. తొందరపడకుండా, ఒక్కో పేజీ బల్ల మీద బోర్లించుకుంటూ.

"సిబ్బంది కొరత గురించి రాశావు. శ్రమ విభజన గురించి రాశావు. యాజమాన్యం గురించి ఒకటిన్నర పేజీ ఉంది" అన్నాడు. "ఇందులో నువ్వెక్కడున్నావు?"

"గ్యాంగులో మనిషి తక్కువన్నది అబద్ధమాండీ?" అన్నాను, అరిచినట్టే.

"నిజమే. దాన్ని వేరే కాగితం మీద రాసివ్వు, తీసుకుంటాను. ఈ కాగితం మీద నువ్వు చేసింది రాయి."

తెల్లకాగితం నావైపు తోశాడు. రాశాను. మేస్త్రీ నన్ను ఐదో స్తంభం దగ్గర నిలబెట్టాడు. చెప్పకుండా నేను మూడో స్తంభం దగ్గరికి వచ్చాను. జెండా కింద పెట్టాను. ఈల జేబులో పెట్టుకున్నాను. ఈల వేసింది మేస్త్రీ. స్లీపరు నేను వదిలేశాను. ఐదో తేదీన అబద్ధం చెప్పాను.

ఏడు వాక్యాలు. నా జీవితంలో ఇంత చిన్నది ఎప్పుడూ రాయలేదు. జేబులోంచి ఈల తీసి కాగితం మీద పెట్టాను.

"విజ్ఞాపన సంగతి?"

"కాలరు పట్టుకున్నాడని రాశానండి."

"ఎందుకు పట్టుకున్నాడు?"

"పట్టా మీద కాలు పెట్టాను."

అధికారి ఆ మాట కూడా రాసుకున్నాడు. మేస్త్రీ వైపు నేను చూడలేదు. కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు తీసిన చప్పుడు వినపడ్డాయి. తలుపు వేసేటప్పుడు చప్పుడు కాకుండా వేశాడు.

జూలై 16

మేస్త్రీ మళ్ళీ పనిలోకి వచ్చాడు. నన్ను తీసేయలేదు. ఎందుకు తీసేయలేదో నాకు తెలియదు. శిక్షణ మొదటి రోజునుంచి మళ్ళీ చేయాలి, కొత్తవాళ్ళతో. చేతికి కట్టుకునే లుకౌటు పట్టీ వెనక్కి తీసుకున్నారు.

గేటు దగ్గర రేడియో కనిపించాడు. నోరు తెరిచి, మూసేసి, పక్కకి తిరిగి నడిచాడు. రేడియో ఆగిపోవడం ఎప్పుడూ చూడలేదు.

ఆసుపత్రికి వెళ్ళాను. చెప్పేశానన్నాను. పొడుగన్న, "ఊఁ" అన్నాడు. వదిన ఈసారి స్టూలు మీదనుంచి లేవలేదు. అది న్యాయమే. నిలబడే ఉన్నాను, అరగంట.

ఆగస్టు 8

కొత్త బ్యాచిలో పద్దెనిమిది మంది. నాకంటే రెండుమూడేళ్ళు చిన్నవాళ్ళు. ఈరోజు పాఠం చెప్పేటాయన ఒక ఉదాహరణ చెప్పాడు. ఒక గ్యాంగులో ఒక లుకౌటు జెండా కింద పెట్టి, ఈల జేబులో పెట్టి, స్లీపరు మోయడానికి వెళ్ళాడని. ఎవరో ఆయన చెప్పలేదు. నావైపు చూడను కూడా లేదు.

"ఎవడండీ ఆ వెధవ?" అన్నాడు ముందు వరసలో ఒకడు. అందరూ నవ్వారు.

నేను కూడా నవ్వాను.

రాయడానికి చెయ్యి రావడం లేదు. నేను కూడా నవ్వాను.

ఆగస్టు 9

పొద్దున పాఠం మొదలవకముందే లేచి నిలబడి, ఆ వెధవని నేనే అని చెప్పాను. ఇంకేమీ చెప్పలేదు. ఉపన్యాసం గొంతుదాకా వచ్చింది. మింగేసి కూర్చున్నాను.

నిన్న అడిగినవాడు మధ్యాహ్నం పక్కన వచ్చి కూర్చున్నాడు. "ఈల బయటే ఉంటే తగులుతుంది కదన్నా, మరెక్కడ పెట్టుకోవాలి?" అని అడిగాడు.

"పళ్ళ మధ్య" అన్నాను.

సెప్టెంబరు 20

అక్క కోటు లోపలి జేబు విప్పేస్తానంది. ఉంచమన్నాను. పుస్తకాలింకా చదువుతున్నాను. అందులో ఉన్నవి తప్పులని నేననుకోవడం లేదు. తడిసి ఆరింది మాత్రం ఉబ్బిపోయి జేబులో పట్టడం లేదు.

మనుషుల కొరత సంగతి వేరే కాగితం మీద రాసిచ్చాను. అర పేజీ. ఈసారి పొడుగన్న సంతకం పెట్టాడు. ముందు రెండుసార్లు చదివాడు.

అక్టోబరు 3

గ్యాంగులోకి తిరిగి వచ్చాను. పొద్దున్నే వరసలో నిలబడ్డాను. మేస్త్రీ జోడెడ్లని అడిగాడు, రేడియోని అడిగాడు. నా దగ్గరికి వచ్చి, నన్ను దాటి, నా పక్కవాణ్ణి అడిగాడు.

తర్వాత నాతో అన్నాడు: "మీరు ఆ సామాన్లు సర్దండి."

ఆయన తిట్లు తిన్నాను. కాలరు పట్టుకున్నాడు. అప్పుడెప్పుడూ ఇలా అనిపించలేదు. "మీరు" అన్నాడు, "సర్దండి" అన్నాడు, ఎవరో పై ఆఫీసరుతో అన్నట్టు.

అక్టోబరు 9

మీరు గడ్డపార అందుకోండి. మీరు నీళ్ళు తెండి. మీరు అటు నిలబడండి.

అక్టోబరు 17

పనిముట్ల గదిలో ముసలాయన రిటైరయ్యాడు. ఆ కుర్చీలో పొడుగన్నని కూర్చోబెట్టారు. చంక కర్ర గోడకి ఆనించి ఉంటుంది. కిటికీలోంచి ఆయన తల, భుజాలు మాత్రమే కనిపిస్తాయి. అక్కడ కూర్చుంటే పొడుగు తెలియడం లేదు.

నేను కిటికీ వైపు వెళ్ళే పనులు రేడియోకి అప్పజెప్తున్నాను. రేడియో నాతో మళ్ళీ మాట్లాడుతున్నాడు, ఇదివరకటంత కాకపోయినా. ఇదివరకటంత ఎవరూ మాట్లాడలేరు.

నవంబరు 6

పొద్దున వరస. మేస్త్రీ ఒక్కొక్కరినే అడుగుతూ వచ్చి నా ముందు ఆగాడు. దాటిపోతాడనుకుని తల దించుకున్నాను.

"రైలు ఎటునుంచి వస్తుందిరా?"

చెప్పాను. మూడూ చెప్పాను. మధ్యలో ఒకచోట తడబడ్డాను, ఎవరూ నవ్వలేదు.

"ఈరోజు లుకౌటు నువ్వు. ఐదో స్తంభం."

"నేనాండీ?"

"నువ్వే. మిగతావాళ్ళకి అలవాటైపోయింది. నీకింకా భయం ఉంది." పట్టీ నా చేతిలో పెట్టి ముందుకి నడిచాడు. నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగాడు. "నేనేదో మర్చిపోయాననుకోకు."

కిటికీ దగ్గరికి వెళ్ళాను. వరసంతా నా వెనకాలే ఉంది. పొడుగన్న రిజిస్టరు తెరిచి తేదీ వేశాడు. జెండా తీసి తన పక్కనే పెట్టుకున్నాడు. ఈల కిటికీ చెక్క మీదికి జరిపాడు. తాడు కొత్తది. ఈల పాతదే. దాని మీద గీత నాకు తెలుసు.

నావైపు చూశాడు. ఆసుపత్రిలో గోడవైపు చూసిన మనిషి.

"ఊదు" అన్నాడు.

ఊదాను. ఊపిరి సగమే వచ్చింది.

పొడుగన్న జెండా ఇవ్వలేదు. చెయ్యి దాని మీదే ఉంచాడు.

"వినపడలేదు. మళ్ళీ ఊదు."